ఫార్మాట్ కొట్టించే ముందు: స్లో అయిన లాప్‌టాప్‌ని మళ్లీ పనికి తెచ్చుకోవడం ఎలా

ఒంగోలైనా, నెల్లూరైనా, కావలైనా సరే, లాప్‌టాప్ స్లో అయిందని షాపుకి తీసుకెళితే ఎక్కువగా వినపడేవి రెండే మాటలు. "ఫార్మాట్ కొట్టేద్దాం సార్" అనేది ఒకటి, అంటే విండోస్ ఉన్న డ్రైవ్‌ని తుడిచేసి మళ్లీ విండోస్ వేయడం. "పాతదైపోయింది, దీనికి ఖర్చు దండగ, కొత్తది తీసుకోండి" అనేది రెండోది. లోపల ఏముందో, ఎందుకు స్లో అయిందో చూడకముందే ఆ మాట వచ్చేస్తుంది. మొదటి మాట విని ఫొటోలు పోగొట్టుకున్నవాళ్లు, రెండో మాట విని ఈఎంఐలో కొత్తది కొన్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లలో ఎక్కువమందికి ఆ రెండూ అక్కర్లేదు.

2014 నుంచి 2019 దాకా మామూలు ధరకి అమ్మిన లాప్‌టాప్‌లలో చాలావాటికి ఉన్న జబ్బు ఒకటే. లోపల నిమిషానికి 5,400 సార్లు తిరిగే హార్డ్ డిస్క్. ఒక ఫైలు కావాలంటే అందులోని చిన్న చేయి కదిలి, ఆ ఫైలు ఉన్న చోటుకి వెళ్లి, పళ్లెం తిరిగి వచ్చేదాకా ఆగాలి. ఒక్కో ముక్కకి పది మిల్లీసెకన్ల పైనే పడుతుంది. అదే ఎస్‌ఎస్‌డీలో (చిప్‌లలో ఫైళ్లు దాచే రకం డిస్క్) కదిలే భాగమే లేదు కాబట్టి మిల్లీసెకనులో పదో వంతుతో పని అయిపోతుంది. విండోస్ 10, విండోస్ 11 మనం ఏమీ చేయకపోయినా వెనకాల వేల చిన్న చిన్న ఫైళ్లు చదువుతూ, రాస్తూనే ఉంటాయి. పాత డిస్క్ ఆ పని తట్టుకోలేదు. ఫార్మాట్ కొడితే రెండు నెలలు బాగుంటుంది, అప్‌డేట్లు పడ్డాక మళ్లీ మామూలే.

కాబట్టి ఈ క్రమంలో చేయండి. తొందరపడి మధ్యలోది ముందు చేయొద్దు.

ముందు మీ ఫైళ్లు బయటికి తీయండి

ఇది చేయకుండా లాప్‌టాప్ ఎవరి చేతికీ ఇవ్వకండి. రిపేరు చేసేవాళ్లు ఎంత మంచివాళ్లయినా సరే.

మా వీధిలో రిటైరైన టీచరమ్మ ఒకరు లాప్‌టాప్ ఒక షాపులో ఇచ్చారు. "డి డ్రైవ్‌లో ఉన్నవి ఏం పోవు మేడమ్" అని వాళ్లు చెప్పారు, ఆమె సరేనన్నారు. నిజంగానే డి డ్రైవ్‌లో ఉన్నవేవీ పోలేదు. కానీ ఆమె కూతురి పెళ్లి ఫొటోలు డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్‌లో ఉన్నాయి. డెస్క్‌టాప్ మీద కనిపించేవన్నీ ఉండేది సి డ్రైవ్‌లోనే. డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ కూడా అక్కడే. షాపులో తుడిచేసింది సరిగ్గా ఆ డ్రైవ్‌నే. వాళ్లు అబద్ధం చెప్పలేదు, అడగాల్సింది అడగలేదు. ఆమెకి ఆ తేడా తెలిసే అవకాశమే లేదు. ఈ ఒక్క సంగతి ముందే తెలిసుంటే ఆ ఫొటోలు ఇప్పుడు ఉండేవి.

సి డ్రైవ్ తెరవండి. యూజర్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. దానిలో మీ పేరుతోనో, లాప్‌టాప్ కొన్నప్పుడు షాపువాళ్లు పెట్టిన పేరుతోనో ఇంకో ఫోల్డర్ ఉంటుంది. ఆ ఫోల్డర్ మొత్తాన్ని ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. పెన్‌డ్రైవ్ తాత్కాలికంగా ఫర్వాలేదు కానీ దాన్ని నమ్ముకుని ఏళ్ల తరబడి దాచుకోవద్దు. కాపీ అయ్యాక ఆ డిస్క్‌ని వేరే కంప్యూటర్‌కి పెట్టి నాలుగు ఫొటోలు, రెండు డాక్యుమెంట్లు తెరిచి చూడండి. తెరుచుకుంటేనే బ్యాకప్ ఉన్నట్టు.

పని కోసం వాడే మెషీన్ అయితే ఇంకొన్ని చూడాలి. టాలీ (అకౌంట్ల ప్రోగ్రామ్) వాడేవాళ్లు డేటా పాత్, అంటే లెక్కలు దాచే ఫోల్డర్, ఎక్కడుందో టాలీలోనే చూసి ఆ ఫోల్డర్ కాపీ చేసుకోండి. రొయ్యల చెరువుల లెక్కలు, మేత ఖాతాలు ఎక్సెల్‌లో పెట్టుకునేవాళ్లు ఆ ఫైలు ఏ ఫోల్డర్‌లో సేవ్ అవుతుందో ఒకసారి కచ్చితంగా చూసుకోండి, "రీసెంట్"లో కనిపిస్తుంది కదా అనుకుంటే కుదరదు. డీటీపీ చేసేవాళ్లు పేజ్‌మేకర్ ఫైళ్లతో పాటు అను ఫాంట్లు కూడా తీసిపెట్టుకోవాలి. ఆ ఫాంట్లు లేని మెషీన్‌లో పాత శుభలేఖలు, కరపత్రాలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులే కనిపిస్తాయి. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు మీ ఈమెయిల్ ఖాతాకి సింక్ అయ్యాయో లేదో చూడండి.

ఇంకొకటి. కొత్త లాప్‌టాప్‌లలో డిస్క్ మొత్తాన్ని తాళం వేసినట్టు ఉంచే బిట్‌లాకర్ చాలాసార్లు మనకి తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. రిపేరు తర్వాత అది 48 అంకెల రికవరీ కీ అడిగితే మీ దగ్గర ఉండాలి. మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి లాగిన్ అయి చూస్తే మామూలుగా అక్కడ ఉంటుంది. ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

జబ్బు ఎక్కడుందో మీరే చూడండి

దీనికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. లాప్‌టాప్ ఆన్ చేసి ఐదు నిమిషాలు వదిలేయండి. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలు కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. చిన్న పెట్టెలా కనిపిస్తే కింద "మోర్ డీటెయిల్స్" నొక్కండి. అందులో పెర్‌ఫార్మెన్స్ దగ్గరికి వెళ్లండి. సీపీయూ (ప్రాసెసర్), మెమరీ (ర్యామ్), డిస్క్ అని వరసగా ఉంటాయి. ఆ మూడు అంకెలే మీకు కావాల్సింది.

డిస్క్ 100 శాతం దగ్గర అతుక్కుపోయి, సీపీయూ ఇరవైకి అటూ ఇటూ ఆడుతుంటే తప్పు డిస్క్‌దే. అక్కడే డిస్క్ పేరు కింద హెచ్‌డీడీ అనో ఎస్‌ఎస్‌డీ అనో రాసి ఉంటుంది. హెచ్‌డీడీ అని ఉంటే మీ ప్రశ్నకి జవాబు దొరికినట్టే. నేను చూసిన వాటిలో ఎక్కువ ఈ రకమే.

డిస్క్ తక్కువగా ఉండి మెమరీ తొంభై దాటితే ర్యామ్ చాలట్లేదు. 4 జీబీ ర్యామ్‌తో బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు తెరిస్తే ఇదే జరుగుతుంది. సీపీయూ వంద దగ్గరే ఉండి, ఫ్యాన్ హోరుమంటూ, కింద చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే దుమ్ము సంగతి చూడాలి, దాని గురించి కింద రాశాను.

సీపీయూ పేజీలోనే అప్ టైమ్ అని ఒక లెక్క ఉంటుంది, మెషీన్ ఎంతసేపటి నుంచి ఆన్‌లో ఉందో చెబుతుంది. రోజూ షట్‌డౌన్ చేస్తున్నాను అనేవాళ్లకి కూడా అందులో రోజుల తరబడి కనిపిస్తుంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉండటం వల్ల షట్‌డౌన్ చేసినా సిస్టమ్ పూర్తిగా మొదటికి రాదు, రీస్టార్ట్ చేస్తేనే వస్తుంది. వారానికోసారి రీస్టార్ట్ చేయండి. పైసా ఖర్చు లేదు.

డిస్క్ ఆరోగ్యం చూడటానికి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. గుడ్ అని నీలంలో ఉంటే సరే. కాషన్ అని పసుపులో వస్తే ఆరోజే బ్యాకప్ తీయండి. డిస్క్ నుంచి టిక్కు టిక్కుమని శబ్దం వస్తుంటే ప్రోగ్రామ్‌లు, పరీక్షలు ఏమీ వద్దు. ఆపేయండి. ఆ డిస్క్‌కి ఎంత పని పెడితే అంత తొందరగా పోతుంది. అందులో ముఖ్యమైనవి ఉంటే డేటా రికవరీ చేసేవాళ్లకే ఇవ్వాలి, ఫార్మాట్ కొట్టేవాళ్లకి కాదు.

డబ్బు పెట్టకుండా చేయగలిగినవి

టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ అనేది చూడండి. ఆన్ చేయగానే మొదలయ్యే ప్రోగ్రామ్‌ల వరస ఉంటుంది. రోజూ వాడనివి డిసేబుల్ చేయండి. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసేయండి. విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఇంటి వాడకానికి సరిపోతుందన్నది నా గట్టి అభిప్రాయం. లాప్‌టాప్ కొన్నప్పుడు ఏడాది ఉచితం అని పెట్టి, తర్వాత రోజూ డబ్బు కట్టమని బెదిరించే యాంటీవైరస్‌ని ఉంచుకోవాల్సిన పనే లేదు. సి డ్రైవ్‌లో కనీసం పదిహేను, ఇరవై శాతం ఖాళీ ఉంచండి.

స్క్రీన్ నిండా ఎర్రగా "మీ కంప్యూటర్‌కి వైరస్ పట్టింది, ఈ నంబరుకి ఫోన్ చేయండి" అని సైరన్ మోగుతూ వస్తే అది వైరస్ కాదు, ఒక వెబ్ పేజీ. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కి టాస్క్ మేనేజర్‌లోకి వెళ్లి బ్రౌజర్‌ని ఆపేయండి. మళ్లీ తెరిచాక పాత పేజీలు తెరవమంటారా అంటే వద్దనండి. ఆ నంబరుకి మాత్రం ఫోన్ చేయొద్దు. చేస్తే ఏదో యాప్ వేయించుకుని మీ మెషీన్ వాళ్ల చేతిలోకి తీసుకుంటారు. అప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఆపడానికి అంత అవకాశం.

డిస్క్ మార్చడం

ఎస్‌ఎస్‌డీ వేయడం అనేది పాత లాప్‌టాప్‌కి చేయగలిగిన అన్నిటికన్నా మంచి పని. రెండు మూడు నిమిషాలు పట్టే విండోస్ పదిహేను, ఇరవై సెకన్లలో తెరుచుకుంటుంది. అది ఒకసారి కళ్లతో చూసినవాళ్లు ఇక కొత్త లాప్‌టాప్ ఊసెత్తరు.

కొనే ముందు మీ మోడల్‌కి ఏది పడుతుందో తెలుసుకోవాలి. వెనకాల స్టిక్కర్ మీద ఉండే మోడల్ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే వివరాలు వస్తాయి. పాతవాటికి రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ పడుతుంది, హార్డ్ డిస్క్ తీసిన చోటే సరిగ్గా కూర్చుంటుంది. కొంచెం కొత్తవాటిలో ఎం.2 అనే సన్నటి పట్టీలాంటిది పెట్టే స్లాట్ ఉంటుంది. ఇక్కడ మోసపోకండి, ఎం.2లో కూడా సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు రకాలున్నాయి. ఒక రకం స్లాట్‌లో ఇంకొకటి పనిచేయకపోవచ్చు. పేరున్న కంపెనీదే తీసుకోండి. వెయ్యి రూపాయలకి 2 టీబీ అని ఆన్‌లైన్‌లో కనిపించేవి నకిలీవి. 2 టీబీ అని చూపిస్తాయి, కొంచెం నిండాక అప్పటిదాకా పెట్టినవి కూడా చెడిపోతాయి.

ర్యామ్ కూడా వేయించుకుంటే మంచిది, 8 జీబీకి తక్కువ వద్దు. మీది డీడీఆర్3 రకమా, డీడీఆర్4 రకమా అన్నది ముందు చూసుకోండి, ఒకటి ఇంకొకదానిలో పట్టదు. పల్చటి లాప్‌టాప్‌లలో కొన్నిటికి ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది, వాటికి ఇక పెంచడం కుదరదు. 2025 చివరి నుంచి ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ధరలు బాగా పెరిగాయి. అందుకని పోయినేడు ఎవరో చెప్పిన రేటు పట్టుకుని బేరం ఆడకుండా, ఆరోజు రెండు చోట్ల అడిగి తీసుకోండి.

షాపులో ఇస్తే ఇలా చెప్పండి: "అన్నా, నా పాత డిస్క్ ఫార్మాట్ చేయొద్దు. కొత్త ఎస్‌ఎస్‌డీలో విండోస్ వేసి, పాత డిస్క్ నాకు తిరిగివ్వు." ఈ రెండో మాట మరిచిపోవద్దు. ఆ డిస్క్‌లో మీ ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇంట్లో ఆడపిల్లల ఫొటోలు అన్నీ ఉంటాయి. అది మీ సొత్తు. తెచ్చుకున్నాక యూఎస్‌బీ కేస్ ఒకటి కొని అందులో పెడితే అది మీకు ఎక్స్‌టర్నల్ డిస్క్ అవుతుంది. డిస్క్ బాగానే ఉంటే కొన్నాళ్లు రెండో బ్యాకప్‌గా వాడుకోవచ్చు.

లాప్‌టాప్‌తో అసలు విండోస్ వచ్చి ఉంటే దాని లైసెన్సు మదర్‌బోర్డుకి కట్టుబడి ఉంటుంది. డిస్క్ మార్చినా పోదు. కొత్తగా విండోస్ వేశాక ఇంటర్నెట్‌కి కలిపితే అదే యాక్టివేట్ అవుతుంది. ఎవరైనా క్రాక్ వేస్తామంటే వద్దని చెప్పండి. మీ దగ్గర లైసెన్సు ఉండగా దొంగది ఎందుకు? ఆ క్రాక్‌లతో పాటు ఏమేమి లోపలికి వస్తాయో ఎవరూ చెప్పలేరు. లాగిన్ పాస్‌వర్డ్ అడిగితే మీ అసలు ఖాతాది ఇవ్వకుండా, రిపేరు కోసం వేరే యూజర్ ఖాతా పెట్టి దాన్ని ఇవ్వండి.

విండోస్ 10 ఉంచాలా, 11కి మారాలా

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఇళ్లలో వాడేవాళ్లు పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చేలా ఒక ఏర్పాటు పెట్టింది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు లింకు ఉంటుంది, మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగ్స్ సింక్ చేస్తే డబ్బు అడగదు.

విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరం లేదా ఆపైది ఉండాలి. 2017కి ముందు కొన్న లాప్‌టాప్‌లకి అధికారికంగా పడదు. బాగా పనిచేసే మెషీన్‌ని ఇలా పక్కకి నెట్టేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ఇంకా బతికున్నదాన్ని చెత్త కింద లెక్కేయడమే ఇది. పిల్లల చదువుకి, ఈమెయిల్‌కి, యూట్యూబ్‌కి, కరెంటు బిల్లు కట్టడానికి మాత్రమే వాడుతుంటే విండోస్ బదులు లినక్స్ మింట్ అనే సిస్టమ్ వేసుకోండి. ఉచితం, పాత మెషీన్ల మీద తేలిగ్గా నడుస్తుంది, తెలుగు చక్కగా టైప్ చేయొచ్చు. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసి, నచ్చితేనే వేసుకునే వీలుంది. టాలీ, పేజ్‌మేకర్, డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్ వాడేవాళ్లకి మాత్రం ఇది సరిపడదు. డీటీపీ షాపువాళ్లు నడుస్తున్న మెషీన్‌ని ఏ కారణంగానూ ఒక్కసారిగా మార్చకండి. కొత్తదానిలో మీ ఫాంట్లు, ప్రింటర్ అన్నీ పనిచేస్తున్నాయని తేలేదాకా పాతది అలాగే ఉండాలి.

మన జిల్లాల ఎండ, ఉప్పుగాలి, రాతి దుమ్ము

కంపెనీ పుస్తకాలలో ఇది రాయరు. మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్ల ఇళ్లలో ఉప్పుగాలికి పోర్టులు, స్క్రూలు తుప్పు పడతాయి. ఛార్జర్ వదులైందనీ, యూఎస్‌బీ పట్టట్లేదనీ వచ్చే ఫిర్యాదులు కొన్ని దీనివల్లే. వాడనప్పుడు బ్యాగులో పెట్టండి, కిటికీ పక్కన తెరిచి వదలొద్దు. చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ దుమ్ము ఫ్యాన్‌లోకి చేరి వేడి బయటికి పోయే దారి మూసేస్తుంది. వేసవిలో బయట నలభై దాటితే ఇక ఆ లాప్‌టాప్ ప్రాసెసర్ తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మధ్యాహ్నం స్లోగా ఉండి, రాత్రి ఏసీ గదిలో బాగుంటే అర్థం అదే.

ఏడాదికోసారి, ఎండలు ముదరకముందే, విప్పించి దుమ్ము ఊదించి థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని బయటికి పంపడానికి పూసేది) మార్పించండి. చవకలో అయ్యే పని. పరుపు మీద, దిండు మీద పెట్టి వాడొద్దు, కింద గాలి రంధ్రాలు మూసుకుపోతాయి.

ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు లాప్‌టాప్ బాడీ మీద చెయ్యి పెడితే సన్నగా జుమ్మంటుందా? మూడు పిన్నుల ఛార్జర్‌ని రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టడమో, ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేకపోవడమో కారణం అయ్యుంటుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఎర్తింగ్ చూపించండి. ఇది లాప్‌టాప్ కోసమే కాదు, ఇంట్లో మనుషుల కోసం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాయుగుండాలు, తుపాన్ల కాలంలో ఉరుములు మొదలవగానే ఛార్జర్ తీసేయండి. ఇంటర్నెట్ మోడెమ్ నుంచి వచ్చే కేబుల్ కూడా తీయండి, పిడుగు ఆ దారినా రాగలదు. డెస్క్‌టాప్ ఉన్నవాళ్లకి యూపీఎస్ తప్పనిసరి.

బ్యాటరీ ఉబ్బి కీబోర్డు పైకి లేచినట్టు కనిపిస్తే వాడటం ఆపేయండి. గుచ్చొద్దు, నొక్కొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు. తీయించి, పాత ఎలక్ట్రానిక్స్ తీసుకునే చోట ఇవ్వండి, ఇంటి చెత్తలో మాత్రం వేయొద్దు.

బిల్లు, గొడవ వచ్చినప్పుడు

ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ ఏది వేయించుకున్నా సీరియల్ నంబరు, వారంటీ ఎన్నేళ్లో రాసిన బిల్లు తీసుకోండి. "జీఎస్టీ లేకుండా తగ్గిస్తాం" అంటే ఆశపడొద్దు, రేపు పాడైతే మీ చేతిలో కాగితం ఉండదు. లాప్‌టాప్ ఇచ్చేటప్పుడే ఏ పని, ఎంత ఖర్చు అన్నది చీటీ మీద రాయించుకోండి. లోపల ఉన్న డిస్క్, ర్యామ్ వివరాలు టాస్క్ మేనేజర్‌లో కనిపిస్తాయి, ఇచ్చే ముందు ఫొటో తీసుకుని, తెచ్చుకున్నాక సరిపోల్చండి.

కొత్త వస్తువు వారంటీలోనే పాడై, కంపెనీ నెలల తరబడి తిప్పుతుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ నెల్లూరులోనూ ఉంది, ఒంగోలులోనూ ఉంది. వస్తువు ధర ఐదు లక్షల లోపు అయితే కేసు వేయడానికి ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు.

కొత్తది కొనక తప్పనప్పుడు

మదర్‌బోర్డు పోయినా, స్క్రీనూ బ్యాటరీ రెండూ మార్చాల్సి వచ్చినా కొత్తదే మేలు. అప్పుడు రంగు, పల్చదనం చూడకండి. ఎస్‌ఎస్‌డీ ఉందా, ర్యామ్ 8 జీబీకి తగ్గకుండా ఉండి తర్వాత పెంచుకునే స్లాట్ ఉందా, సర్వీస్ సెంటర్ నెల్లూరులోనో ఒంగోలులోనో ఉందా, లేక ప్రతిసారీ విజయవాడకో చెన్నైకో పంపుతారా అన్నది అడగండి. చవక లాప్‌టాప్‌లలో డిస్క్ బదులు 64 జీబీ ఈఎంఎంసీ (ఫైళ్లు దాచే చిన్న చిప్) అని ఉంటే వదిలేయండి, అది బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చలేరు, విండోస్ అప్‌డేట్లకే నిండిపోతుంది. పాతదాన్ని ఎక్స్చేంజ్‌కి ఇచ్చేటట్టయితే అందులోని డిస్క్ తీసి మీ దగ్గర పెట్టుకుని ఇవ్వండి. దాని కోసం నాలుగైదు వందలు తగ్గిస్తామన్నా ఫర్వాలేదు, తగ్గించుకోనివ్వండి.